పొయ్యికి చోటు చూశాకే బండ్లకు గీతలు గీయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు ముదరగానే కార్ల క్లబ్బులకు బార్బెక్యూ మీద మనసు మళ్లుతుంది. ఏడాదికోసారి అందరూ బండ్లు కడిగి తుడిచి మెరిపించుకుని ఒక మైదానానికి చేరడం, బానెట్లు ఎత్తి ఇంజన్లు చూపించుకోవడం, మధ్యాహ్నం బొగ్గుల మీద కాల్చింది తినడం, పొద్దువాలేసరికి ఇంటిదారి పట్టడం. బాగుంటుంది, కాదనం. అయితే ఇలాంటి సమావేశానికి వేసుకునే ఏర్పాట్ల కాగితంలో మూడు వంతులు బండ్ల సంగతే ఉంటుంది. ఏ మోడల్ ఏ వరుసలో నిలపాలి, ఫొటోలు ఎన్నింటికి, బహుమతి ఏ బండికి. అట్టడుగున మాత్రం ‘భోజనం: బార్బెక్యూ’ అని ఒక్క ముక్క.

ఆ ఒక్క ముక్క కింద ఏముందో లెక్క వేయండి. నలభై బండ్లు, ఒక్కోదాంట్లో 30 లీటర్లు వేసుకున్నా 1,200 లీటర్ల పెట్రోలు, డీజిలు. పక్కనే రగిలే బొగ్గులు. కాళ్ల కింద ఎండిన గడ్డి. అందుకే మేం చెప్పేది ఒకటే: పొయ్యికి చోటు చూశాకే బండ్లకు సున్నపు గీతలు గీయండి. ముందు బండ్లన్నీ సర్దేస్తే పొయ్యి ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి పోతుంది. ఆ ఖాళీ ఏ రెండు బండ్ల మధ్యో, ఏ షామియానా కిందో ఉంటుంది.

చోటు అంటే మొదట చూడాల్సింది గాలి. బండ్లు గాలి వచ్చే వైపు, పొయ్యిలు గాలి పోయే వైపు ఉండాలి. ఒక కర్రకు రిబ్బను కట్టి పొద్దున్నే పాతిపెడితే చాలు, దిక్కు తెలుస్తుంది. మధ్యాహ్నానికి గాలి మళ్లడం మామూలే కాబట్టి పొయ్యిలకు, దగ్గరి బండికి మధ్య కనీసం 10 మీటర్లు వదలాలి. షామియానా గుడ్డకు, చెట్టు కొమ్మలకు 3 మీటర్ల లోపు పొయ్యి రాకూడదు. టాప్ తెరుచుకునే బండ్లను అన్నిటికంటే దూరంగా పెట్టండి. ఒక్క నిప్పురవ్వ పడితే గుడ్డ టాప్‌లో సిగరెట్ కాల్చినంత చిల్లు పడుతుంది, దానికి మాసిక వేస్తే కనబడుతుంది, టాప్ మొత్తం మార్పిస్తే జేబుకు చిల్లు. బండికి దారితో కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు వేసుకోవాలి. ఆ లెక్కన నలభై బండ్లకు 1,000 నుంచి 1,200 చదరపు మీటర్లు. ఇది కాక ఫైరింజన్ లోపలికి రావడానికి 4 మీటర్ల వెడల్పు దారి ఒకటి రోజంతా ఖాళీగా ఉండాలి. ‘రెండు నిమిషాలే’ అంటూ అందులో బండి పెట్టేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. తాడు కట్టండి, మాట కంటే తాడు బాగా పనిచేస్తుంది.

ఇక గడ్డి. పచ్చగడ్డి అయితే భయం తక్కువ. వేసవిలో అది ఎక్కడిది? సైలెన్సర్ దారిలో ఇంజన్‌కు దగ్గరగా ఉండి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ మామూలుగా నడిచేటప్పుడే 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి 300 డిగ్రీల చుట్టుపక్కల చాలు. ఒక ప్లగ్ సరిగా కొట్టక మిస్‌ఫైర్ అవుతుంటే, సిలిండర్‌లో మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అప్పుడు దాని డబ్బా ఎర్రగా మెరిసేంత కాలుతుంది. మామూలు బండికి కన్వర్టర్, గడ్డి మధ్య కొంత ఎడం ఉంటుంది, అడ్డంగా వేడిని ఆపే హీట్ షీల్డ్ రేకూ ఉంటుంది. మన క్లబ్బుల బండ్ల సంగతి వేరు. స్ప్రింగులు మార్చి కిందికి దించినవి కొన్ని. ‘గలగలమంటోంది’ అని ఆ రేకు పీకి పారేసినవి కొన్ని. రెండూ చేసిన బండి గడ్డి మీద ఆగిందంటే అగ్గిపుల్ల గీసినట్టే. రేకు గలగలలాడితే పెద్ద క్లిప్పు వేసి బిగిస్తే సరిపోతుంది, దాన్ని తీసేయాల్సిన పని లేదు.

డీజిల్ బండ్లకు ఇంకో తంటా ఉంది. మసి పట్టే ఫిల్టర్ నిండినప్పుడు బండి తనంతట తానే ఆ మసిని కాల్చుకుంటుంది. దాన్నే రీజెనరేషన్ అంటారు. ఆ సమయంలో సైలెన్సర్ గొట్టంలో వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. దూరం నుంచి హైవే మీద వచ్చిన బండి సరిగ్గా గేటు దగ్గరికి వచ్చేసరికి ఈ పనిలో ఉండొచ్చు. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) మామూలు కంటే కాస్త ఎక్కువగా ఉండటం, ఇంజన్ ఆపినా ఫ్యాన్ తిరుగుతూనే ఉండటం, కాలిన వాసన రావడం దాని గుర్తులు. అలాంటి బండిని వెనక్కి తిప్పి రోడ్డు మీద ఇంకో 15 నిమిషాలు నడిపించి, ఆ పని పూర్తయ్యాక లోపలికి రానివ్వాలి. గేటు దగ్గర నిలబడే మనిషికి ఇది ముందే చెప్పి ఉంచండి.

గడ్డిని రెండు రోజుల ముందు 5 సెంటీమీటర్ల లోపుకు కోయించాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కోసిన గడ్డిని అక్కడే వదిలేయడం. రెండు రోజుల ఎండకు అది పీచులా ఎండి, నిలబడి ఉన్న గడ్డి కంటే త్వరగా అంటుకుంటుంది. కోసింది ఊడ్చి ఎత్తిపోయకపోతే కోయించకపోవడమే నయం. పొయ్యిలు పెట్టే చోట గడ్డి చెక్కేసి మట్టి తేల్చి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి నీళ్లు చల్లించండి.

బండి నిలపడంలో చిన్న సంగతులు కొన్ని. గట్టిగా తోలుకొచ్చిన బండికి ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగకండి. కాలుతున్న డిస్కును ప్యాడ్లు ఒకేచోట పట్టుకుని ఉంటే ఆ చోట ప్యాడ్ పదార్థం అంటుకుపోతుంది, తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా బండి వణుకుతుంది. గేర్‌లో పెట్టి చక్రం కింద చెక్క ముక్క వేయండి. టైర్లలో గాలి పొద్దున బయల్దేరే ముందే చూసుకోవాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి 32 పీఎస్ఐ ఉన్న టైరులో సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మైదానానికి వచ్చాక మీటరు పెట్టి ‘ఎక్కువైంది’ అని గాలి తీసేస్తే, చల్లబడ్డాక తక్కువ గాలితో ఇంటికి వెళ్తారు. బానెట్ ఎత్తి చూపించే ఉత్సాహంలో రేడియేటర్ మూతపై చేయి వేయకండి. ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచే మూత కింద నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పి ఆ ఒత్తిడి పోగానే అదంతా ఒక్కసారిగా మరిగి మొహాన కొడుతుంది. తారు నేల అయితే బైకుల సైడ్ స్టాండు, కార్ల జాకీ ఎండకు మెత్తబడ్డ తారులోకి దిగిపోతాయి. అరచేతి వెడల్పు ఇనుప ప్లేటు ఒకటి కింద వేస్తే సరి.

ఇప్పుడు అసలు పొయ్యి దగ్గరికి వద్దాం. కార్లంటే ఇష్టపడేవాళ్లకు చేతులు ఊరుకోవు. కొన్న పొయ్యి కంటే చేసుకున్న పొయ్యి మీదే మోజు. 200 లీటర్ల నూనె డ్రమ్మును సగానికి కోస్తారు, పాత చక్రం రిమ్మును నిప్పుల కుంపటి చేస్తారు, బ్రేక్ డ్రమ్మును బోర్లించి కాళ్లు అతికిస్తారు. తప్పేం లేదు, కానీ ఒక్కోదానికి ఒక్కో గండం ఉంది. డ్రమ్ము ఖాళీగా కనబడినా లోపల ఆవిరి ఉంటుంది. గ్రైండర్ రవ్వ తగిలితే బాంబులా పేలుతుంది. దాంట్లో ఇంతకుముందు ఏముందో తెలియని డ్రమ్మును ముట్టుకోవద్దు. తెలిసినదైనా కడిగి, నిండా నీళ్లు పోసి ఉంచే కోయాలి, అదీ ఈ పని వచ్చినవాళ్లే. ఆ తర్వాత లోపలి రంగు, పూత పోయేదాకా ఒకట్రెండు సార్లు కట్టెలు వేసి ఉత్తినే మండించాలి, ఆ మంట మీద ఏదీ వండకూడదు. పాత బ్రేక్ డ్రమ్ముల్లో ఆస్బెస్టాస్ లైనింగ్ దుమ్ము ఉండొచ్చు. గాలి కొట్టి, బ్రష్షుతో గీకి శుభ్రం చేద్దామనుకుంటే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి పాత డ్రమ్మును వదిలేయండి, కావాలంటే కొత్తది తెచ్చుకోండి. ఇనుప రిమ్ము రంగు కాల్చేస్తే పనికొస్తుంది. అల్లాయ్ రిమ్ము పనికిరాదు, అల్యూమినియం 600 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి మెత్తబడి కుంగిపోతుంది. పాత రేసింగ్ బండ్ల మెగ్నీషియం రిమ్ము అయితే తానే అంటుకుంటుంది, నీళ్లు పోస్తే ఇంకా రెచ్చిపోతుంది. జింకు పూసిన జల్లెడలు, పాత ఫ్రిజ్ అరల చువ్వలు తిండి కింద పెట్టకండి. ఆ పూత వేడికి విషమవుతుంది.

చువ్వలు గీకే తీగల బ్రష్షు గురించి కూడా ఒక మాట. పాతబడ్డ బ్రష్షు నుంచి సన్నటి తీగ ఊడి చువ్వకు అంటుకుంటుంది, అక్కడి నుంచి ముక్కకు, ముక్క నుంచి గొంతుకు. వేలి గోరంత కూడా ఉండదు, తీయాలంటే ఆసుపత్రికి పోవాలి. వేడి చువ్వల్ని ఉండచుట్టిన అల్యూమినియం రేకుతోనో, చెక్క గీకుడుతోనో రుద్ది, తర్వాత తడిగుడ్డతో తుడిస్తే చాలు.

బొగ్గు రగిలించడానికి పెట్రోలు వాడకూడదని అందరికీ తెలుసు. తెలిసీ వాడేది కార్ల సమావేశంలోనే, ఎందుకంటే అది చేతికందే దూరంలో ఉంటుంది. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకోగలదు. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి నేల బారుగా పాకుతుంది. బొగ్గుల మీద పోసి, సీసా పక్కన పెట్టి, అగ్గిపెట్టె వెతికేలోపు ఆ ఆవిరి పోసినవాడి చెప్పుల దాకా వచ్చి ఉంటుంది. చిమ్నీ స్టార్టర్ అనే గొట్టం ఉంటే ఏ ద్రవమూ అక్కర్లేదు. కింద రెండు నలిపిన కాగితాలు, పైన రెండున్నర కిలోల బొగ్గు ఇటుకలు. కాగితం అంటించాక 20 నిమిషాల్లో పైవరుస అంచులకు తెల్లటి బూడిద పడుతుంది, అప్పుడే పొయ్యిలోకి వంచాలి. నల్లగా ఉండగా వంచితే మొదటి విడత తిండికి ఘాటు పొగ పడుతుంది. మధ్యలో నిప్పు తగ్గితే పచ్చి బొగ్గు పైన వేయకుండా, ఇంకో గొట్టంలో అరగంట ముందే రగిలించి కలపండి. కట్టెలు వాడేవాళ్లు ప్యాకింగ్ చెక్కపెట్టెలు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు మాత్రం వేయొద్దు. వాటిలో మందులూ జిగురూ ఉంటాయి.

నిప్పుల్ని పొయ్యంతా పరచకండి. ఒక సగంలోనే పోయండి. నిప్పున్న సగం మీద రంగు రానిచ్చి, నిప్పు లేని సగం మీదికి జరిపి మూత వేస్తే లోపలిదాకా ఉడుకుతుంది. కొవ్వు కారి మంట లేస్తే ముక్కల్ని ఇటు జరపడానికి చోటూ ఉంటుంది. మంట మరీ లేస్తే నీళ్లు చల్లకుండా మూత పెట్టి, గాలి రంధ్రాలు మూయండి. కాలే కొవ్వు మీద నీళ్లు పడితే కొవ్వు ఎగజిమ్ముతుంది.

ఎన్ని పొయ్యిలు కావాలి? ఇక్కడే క్లబ్బులు తప్పటడుగు వేస్తాయి. 57 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి పొయ్యి చువ్వల మీద చోటు సుమారు 2,550 చదరపు సెంటీమీటర్లు. ఎముకతో ఉన్న చికెన్ లెగ్ ఒకటి చుట్టూ ఖాళీతో కలిపి 120 తీసుకుంటుంది. కాగితం మీద 21 పడతాయి, కానీ తిప్పడానికి, జరపడానికి చోటు వదిలితే 15. ఒక విడతకు 40 నిమిషాలు. అరవై మందికి తలా రెండంటే 120 ముక్కలు. ఒక్క పొయ్యితో ఎనిమిది విడతలు, అయిదు గంటల పైమాటే. మూడు పొయ్యిలతో మూడు విడతలు, రెండు గంటలు. ఆకలి మీద ఉన్నవాళ్లు పొయ్యి చుట్టూ మూగితే వండేవాడు ముక్కల్ని తొందరపడి దించుతాడు. లోపల పచ్చి మాంసం దొరికేది ఆ తొందరలోనే. మూడు పొయ్యిలకు బొగ్గు, మొదట రెండున్నర కిలోల చొప్పున, మధ్యలో రెండుసార్లు అందులో సగం చొప్పున, మొత్తం 15 కిలోలు. గాలి ఎక్కువైతే బొగ్గు త్వరగా హరిస్తుంది కనుక ఇంకో 5 కిలోలు చేతిలో ఉంచుకోవాలి.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పడం కుదరదు. మసాలా రంగు, పొగ రంగు కళ్లను మోసం చేస్తాయి. సూది థర్మామీటరు ఒకటి కొనండి. ముక్కలో మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే చికెన్‌కు 74 డిగ్రీలు, మటన్ కైమా ముద్దలకు 71 చూపించాలి. పచ్చిమాంసం పట్టుకునే పటకారు, ఉడికింది తీసే పటకారు వేర్వేరుగా ఉండాలి. మన దగ్గర టేపులకేం కొదవ, ఒకదానికి ఎర్రది, ఒకదానికి నీలం చుట్టండి. నానబెట్టిన గిన్నెలో మిగిలిన మసాలాను ఉడికిన ముక్కల మీద పూయకండి. మాంసం తిననివాళ్లకు వేరే పొయ్యి ఒకటి పూర్తిగా వదలాలి, అదే చువ్వల మీద పక్కకు జరిపి మొక్కజొన్న కాలుస్తామంటే వాళ్లు తినరు, తినక్కర్లేదు కూడా. గ్రీజు చేతులతో తిండి ముట్టకుండా, అడుగున కుళాయి ఉన్న 20 లీటర్ల నీళ్ల క్యాను, సబ్బు పొయ్యిల పక్కనే పెట్టండి. దూరంగా పెడితే ఎవరూ పోరు.

పచ్చిమాంసం డిక్కీలో తేవడం ఇంకో గండం. ఎండలో నిలిపిన బండి లోపల 20 నిమిషాల్లోనే వేడి 15, 16 డిగ్రీలు పెరుగుతుంది, అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పిల్లల్నీ కుక్కల్నీ ‘అయిదు నిమిషాలు’ బండిలో ఉంచకూడదనేదీ ఇందుకే. మాంసం 5 డిగ్రీల లోపు ఉండాలి. బయటి వేడి 32 దాటితే గంటకు మించి బల్లమీద ఉండకూడదు, ఉడికినదైనా సరే. కిలో మాంసానికి కిలో ఐసు వేసుకోండి, మాంసం ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి. కూల్‌డ్రింకుల పెట్టె వేరు, మాంసం పెట్టె వేరు. డ్రింకుల పెట్టెను నిమిషానికోసారి తెరుస్తారు, అందులో మాంసం పెడితే మధ్యాహ్నానికి ఐసు నీళ్లలో తేలుతుంటుంది. తాగేనీళ్లు మనిషికి గంటకు అర లీటరు లెక్కన, ఆరు గంటలకు అరవై మందికి 180 లీటర్లు, అంటే తొమ్మిది క్యాన్లు. చేతులు కడిగే నీళ్లు, నిప్పు ఆర్పే నీళ్లు దీనికి అదనం.

బండి మెరిపించే సామాన్ల సంగతి ఎవరికీ తట్టదు. పాలిష్ స్ప్రే డబ్బా మీద 50 డిగ్రీలు దాటిన చోట పెట్టొద్దని రాసే ఉంటుంది. ఎండలో డ్యాష్‌బోర్డు దాన్ని సులువుగా దాటేస్తుంది. ఆ డబ్బాలన్నీ నీడలో ఒక పెట్టెలో, పొయ్యిలకు దూరంగా ఉండాలి. బోల్ట్ వదులు చేసే స్ప్రేతో ‘మంట భలే లేస్తుంది చూడు’ అనే కుర్రాడు ఎక్కడో ఒకడు తయారవుతాడు, పెట్టెకు తాళం వేయండి.

గ్యాస్ పొయ్యి తెచ్చేవాళ్లు బండను నిలబెట్టే తీసుకురావాలి. బిగించాక జాయింట్ల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. చిన్న క్యాన్ పెట్టే పొయ్యి మీద దానికంటే వెడల్పైన పెనం పెట్టకండి, వేడి కిందికి కొట్టి క్యాన్ పేలుతుంది.

వాన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవి వాన చెప్పి రాదు. నాలుగు చినుకులు పడగానే పొయ్యిని షామియానా కిందికో, వెనక తలుపు ఎత్తిన వ్యానులోకో లాగుతారు. బొగ్గు మంట లేకుండా, పొగ లేకుండా కణకణలాడుతున్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, తికమక, ఇవే గుర్తులు. అవన్నీ వడదెబ్బ లాగే ఉంటాయి కాబట్టి మనిషిని ‘నీడలో పడుకో’ అంటూ ఆ గుడారంలోనే పడుకోబెడతారు. వాన వస్తే పొయ్యి మూత వేసి తడవనివ్వండి, మనుషులు నీడకు పొండి. సాయంత్రం ‘ఆరిపోయిందిలే’ అని పొయ్యిని డిక్కీలో వేసుకుని అద్దాలు ఎత్తుకుని పోవడమూ ఇదే ప్రమాదం. బూడిద కింద నిప్పు గంటల తరబడి బతికి ఉంటుంది.

ఆర్పే సామాను దగ్గరికొస్తే, బండిలో ఉండే ఒక కిలో పౌడర్ సిలిండర్ పది సెకన్లలోపే ఖాళీ అవుతుంది. దానితో ధైర్యం పెట్టుకోవద్దు. కట్టె, పెట్రోలు, గ్యాస్ మంటలన్నిటికీ పనికొచ్చే 6 కిలోల ఏబీసీ పౌడర్‌వి పొయ్యిల దగ్గర ఒకటి, బండ్ల వరుసలకు చెరొక చివర ఒకటి ఉండాలి, మీటరు ముల్లు పచ్చగీతలో ఉండాలి. పొయ్యిల పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక. బానెట్ కింద నుంచి పొగ వస్తే బానెట్ ఎత్తకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. ఇంజన్ ఆపి, లోపలి లివర్ మాత్రం లాగి, ఆ సందులోంచి కొట్టండి. బ్యాటరీ బండిలో అసలు బ్యాటరీకే నిప్పంటుకుంటే మన సిలిండర్లు దేనికీ చాలవు. మనుషుల్ని దూరం పంపి ఫైరింజన్‌ను పిలవడమే, చల్లారిందనుకున్నాక గంటలకు కూడా మళ్లీ అంటుకోగలదు. పౌడర్ పడితే ఇంజన్ వైర్లు తుప్పు పడతాయని కొందరు వెనకాడతారు. పడతాయి, నిజమే. కాలిపోయిన ఇంజన్‌కు ఆ బెడద ఉండదు.

పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న పాత బండ్ల మొండితనం మధ్యాహ్నం బయటపడుతుంది. ఇంజన్ ఆపాక ఓ పావుగంట బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది, పైపులో పెట్రోలు ఆవిరై స్టార్ట్ కాదు. అప్పుడు ఓనరుకు తట్టే చిట్కా, సీసాలో పెట్రోలు పట్టి కార్బురేటర్‌లో పోయడం. ఒక్క ఎదురు పేలుడు చాలు, కార్బురేటర్, సీసా, చేయి అన్నీ అంటుకుంటాయి. బానెట్ ఎత్తి అరగంట వదిలేయండి. తొందరుంటే పెట్రోలు పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేయండి. పక్కనే ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాల దిమ్మ) మీద మాత్రం నీళ్లు పడనివ్వద్దు, కాలిన పోత ఇనుము పగులుతుంది.

రంగు మీద పడ్డ బూడిదను గుడ్డతో దులపడం కార్లు ప్రేమించేవాళ్లే చేసే పాపం. అందులోని గరుకు రేణువులు గుడ్డ కింద గీతలు గీస్తాయి. అలాగని వదిలేస్తే రాత్రి మంచుకు తడిసి క్షారమై రంగుపై మచ్చ వేస్తుంది. ముందు ధారగా నీళ్లు, ఆ తర్వాత షాంపూ. రంగుపై సిరామిక్ కోటింగ్ పూత ఉందని ధీమా వద్దు.

ఇక పోయేటప్పుడు. రోజంతా పద్ధతిగా ఉన్న సమావేశం పరువు పోయేది గేటు దగ్గరే. పొద్దుట నుంచీ ఫోన్లు పట్టుకుని తిరిగినవాళ్లంతా గేటు బయట వరుసకట్టి ‘ఒక్కసారి రెయిజ్ చెయ్యన్నా’ అంటారు. చల్లబడ్డ టైర్లు, ఆపేసిన ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు), వెనక చక్రాలకు బలమున్న బండి. తోక పక్కకు జారితే వెళ్లేది ఆ వరుసలోకే. గేటు బయట 50 మీటర్ల దాకా రెండువైపులా ఎవరినీ నిలబడనివ్వకండి. చూసేవాళ్లు లేకపోతే చేసేవాళ్లు ఉండరు. అయిదేసి బండ్లు, రెండేసి నిమిషాల తేడాతో వదలండి. నలభై బండ్లు పోవడానికి సుమారు పావుగంట పడుతుంది, అంతే. నిలబెట్టి ఇంజన్ రేజ్ చేయడం, సైలెన్సర్ పేల్చడం మైదానంలోనూ వద్దు. ఎండుగడ్డి మీద ఆ గొట్టం నుంచి వచ్చేది చప్పుడొక్కటే కాదు, మంట కూడా. తాగినవాళ్ల తాళాలు గేటు దగ్గర తీసుకోవడానికి మొహమాటం లేని మనిషిని ఒకరిని పెట్టండి. బండి యజమానులు తమ బీమా కాగితంలో పోటీలు, వేగ పరీక్షలకు మినహాయింపు ఉందేమో చదువుకోవాలి, స్థలం యజమాని అనుమతి క్లబ్బు దగ్గర రాతపూర్వకంగా ఉండాలి.

చివరగా బూడిద. అందరూ పోయాక మిగిలిన ఇద్దరి నెత్తిన పడే పని ఇది, అప్పటికి వాళ్లకు ఓపిక ఉండదు. నిప్పుల మీద ఇసుక కప్పితే పైకి చల్లగా కనబడుతుంది, కింద వేడి గంటల కొద్దీ దాగి ఉంటుంది. మర్నాడు అక్కడ ఆడుకునే పిల్లలు వట్టి కాళ్లతో తొక్కేది దాన్నే. ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోస్తే అర్ధరాత్రి బుట్ట అంటుకుంటుంది. నిప్పుల్ని ఇనుప బకెట్‌లోకి తీసి, దూరంగా నిలబడి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, పొడుగు కర్రతో కలుపుతూ, మళ్లీ పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆవిరి బూడిదతో సహా మొహానికి కొడుతుంది. చుయ్యిమనే చప్పుడు పూర్తిగా ఆగి, బకెట్ బయటివైపు చేయి పెట్టినా కాలకుండా ఉన్నాకే ఇనుప మూత వేసి, మరో రోజంతా ఆరుబయట ఉంచి పారబోయండి.

ఇట్లు,
కార్ల క్లబ్బు సమావేశాల ఏర్పాట్లు చూసే కొందరం